ఒక ఫుట్‌నోట్‌కు టీకా తాత్పర్యం

మెదక్ సీమ కొల్చారం వాడని చెప్పుకునే కోలాచల మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిదేదీ రాయననీ అక్కర్లేనిదేదీ చెప్పననీ ముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఒట్టులో మొదటి సగం నేటి పరిశోధకులకు ఫుట్‌నోట్‌గా సంక్రమించింది. రెండో సగాన్ని ఎవరూ పట్టించుకోరు, ఈ వ్యాఖ్యాతతో సహా.

ఇక మూలం. సిరిసిల్ల నేత మీద రాసే థీసిస్‌లో, పేజీ అడుగున, ఇలాంటిదొకటి ఉందనుకుందాం:

ఒక కార్మికుడితో ఇంటర్వ్యూ, సిరిసిల్ల, కరీంనగర్ జిల్లా, 2018.

ప్రతిపదార్థం: ఒక = పేరు చెప్పడం ఇష్టం లేని, లేక పేరడగడం మరిచిపోబడిన; కార్మికుడితో = సాంచాలు (మరమగ్గాలు) నడిపేవాడితోనో, వార్పిన్ పట్టేవాడితోనో, వైపని చేసేవాడితోనో; ఇంటర్వ్యూ = రికార్డు చేసినదో, చాయ్ తాగుతూ విన్నదో; కరీంనగర్ జిల్లా = అప్పటికి రెండేళ్ల కిందే సిరిసిల్లను వదులుకున్నది; 2018 = మూడు వందల అరవై ఐదు రోజుల్లో ఏదో ఒకనాడు.

తాత్పర్యం: పరిశోధకుడు సిరిసిల్ల వెళ్లివచ్చెనని భావము.

విశేషాలు చాలా ఉన్నాయి. 2016 అక్టోబర్ 11న రాజన్న సిరిసిల్ల, జగిత్యాల వేర్వేరు జిల్లాలయ్యాయి, కోరుట్ల జగిత్యాల వైపు వెళ్లింది. 2015లో మాట్లాడితే కరీంనగర్ జిల్లా అని రాయడమే ఒప్పు, 2018లో తప్పు. అయితే మాట్లాడే పెద్దమనిషి నోట ‘తాలూకా’ అని వస్తే దిద్దకూడదు. 1978 సెప్టెంబర్ 7న రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగినప్పుడు ఉన్నవి తాలూకాలే, మండలాలు 1985లో వచ్చాయి. ఆ యాత్ర జరిగిన మరుసటి నెలలోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆనాటి సంగతి ఒకాయన 2018లో చెబితే ఫుట్‌నోట్‌లో పడాల్సింది 2018. నలభై ఏళ్ల దూరం పాఠకుడికి కనిపించాలి కదా. 1978 అని వేస్తే పరిశోధకుడు పుట్టకముందే ఊరేగింపులో నోట్‌బుక్ పట్టుకు తిరిగినట్టవుతుంది.

అలాంటి చోట పేరు దాచడం బద్ధకం కానక్కర్లేదు. ఆధారాలు చూపడానికి వాడే చికాగో పద్ధతి పేరు దాచనిస్తుంది, ఎందుకు దాచారో మాత్రం ఒక్క ముక్క చెప్పమంటుంది. వృత్తి, ఊరు, తేదీ ఎలాగూ ఉండాలి. అలాగని అందరి పేర్లూ చెరిపేయడం పద్ధతి కాదు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీలు చెప్పిన జీవితాలతో వచ్చింది. అందులో ఐలమ్మ ఐలమ్మగానే ఉంది, ‘ఒక రైతు మహిళ’గా లేదు.

అసలు చిక్కు ‘కార్మికుడు’ దగ్గరుంది. సిరిసిల్లలో యజమాని నూలు ఇస్తాడు. ఆసామి ఆ నూలు తెచ్చుకుని, తనకున్న కొద్ది సాంచాల మీద కార్మికులతో బట్ట నేయించి తిరిగి అప్పగిస్తాడు, మీటరుకింత అని తీసుకుంటాడు. కార్మికుడికి కూలి ఇచ్చేది ఆసామి, ఆసామికి పైసలు ఇవ్వాల్సింది యజమాని. “ఆసామి ఇయ్యలే” అని కార్మికుడు అన్నదాన్ని పరిశోధకుడు మర్యాదగా “యజమాని చెల్లించలేదు” అని శిష్టీకరిస్తే తప్పు ఒకరి ఇంటి నుంచి మరొకరి ఇంటికి మారిపోతుంది. ఫుట్‌నోట్‌లో తేదీ, ఊరు, పేరు అన్నీ సరిగ్గా ఉన్నా ఆ వాక్యం అబద్ధమే.

ఇచట పూర్వపక్షం. ఏపీఏ పద్ధతిలో సొంతంగా చేసిన ఇంటర్వ్యూ ‘వ్యక్తిగత సంభాషణ’. పాఠకుడు వెతికి తెచ్చుకోలేడు కాబట్టి వాక్యం పక్కన కుండలీకరణల్లో ఉంటుంది, చివరి ఆధారాల జాబితాకు ఎక్కదు. పరిశోధనలో పాల్గొన్నవాళ్ల మాటలకు ఆ కుండలీకరణలు కూడా లేవని 2019లో వచ్చిన ఏడో కూర్పు చెబుతుంది, పరిశోధన విధానంలో వివరిస్తే చాలట. ఎంఎల్ఏ పద్ధతి మాత్రం మాట్లాడినవారి పేరుతోనే జాబితాలో చేరుస్తుంది. యూనివర్సిటీ ఏది చెబితే అది పాటించక తప్పదు. కానీ ఎవరో వెబ్‌సైట్‌లో ఎక్కించిన రెండు పేరాలకు జాబితాలో చోటుండి, ముప్పై ఏళ్లు సాంచాలు నడిపినవాడికి లేకపోవడం ఈ వ్యాఖ్యాతకు మింగుడుపడదు. రికార్డింగ్‌ను అందరికీ అందే ఆర్కైవ్‌లో దాచిపెడితే ఏపీఏ కూడా తలుపు తీస్తుంది. ఆ పని చేసే ఓపికే అరుదు.

కోరుట్లలో ఇంకో చిక్కు. అక్కడి నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లతో మాట్లాడటం ఫోన్‌లోనే. మనిషి దుబాయ్ రూమ్‌లో ఉంటే స్థలం దుబాయే, ఫోన్‌లో అని కూడా రాయాలి. ఇక బీడీలు చుట్టే ఆడవాళ్లయితే వాకిట్లో కలిసి కూర్చుంటారు. కూలి వెయ్యి బీడీల లెక్కన కాబట్టి చేతులాపి మాట్లాడేంత తీరిక ఉండదు. తునికాకు కత్తిరిస్తూనే ఒకరు జవాబు మొదలుపెడతారు, పక్కామె అందుకుంటుంది, గడప దగ్గరి అత్త “అట్ల కాదు” అంటుంది. దానికి ‘ఒక కార్మికురాలితో ఇంటర్వ్యూ’ అని రాస్తే అత్త మాట కోడలి లెక్కలో పడుతుంది. ‘బృంద సంభాషణ, అయిదుగురు, కోరుట్ల’ అని రాసి, అడ్డు చెప్పిందెవరో పైన చెప్పడమే సాధుపాఠం.