నర్సమ్మ భుజాన

నన్ను టీకాల డబ్బా అంటారు. సర్కారు కాగితాల్లో వ్యాక్సిన్ క్యారియర్. నీలిరంగు ప్లాస్టిక్ ఒళ్లు, లోపల నాలుగు ఐస్ ప్యాక్‌లు, నడుమ పదహారు నుంచి ఇరవై సీసాలకు చోటు. నా పుట్టుక గురించి ఇంతకు మించి చెప్పుకోవాల్సింది లేదు. చెప్పాల్సింది నన్ను మోసిన మనిషి గురించి. ఆమె కడప జిల్లా కొండాపురం మండలంలో ఏఎన్ఎం. పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ, అందరికీ నర్సమ్మే. ఆమె పోయి కొన్నేళ్లయింది.

బుధవారం, శనివారం టీకాల రోజులు. ఆ రోజుల్లో చీకటితోనే లేచి సంగటి కెలికి, చెనిక్కాయల ఊరిబిండి నూరి, బిడ్డలిద్దరికీ గిన్నెల్లో సర్ది, కూతురికి జడలేసి ఆసుపత్రికి వచ్చేది. ఫ్రీజర్లోంచి తీసిన ఐస్ ప్యాక్‌లను వెంటనే నాలో పెట్టేది కాదు. బల్లమీద పరిచి, పైన చెమట పట్టినాక ఒక్కోదాన్ని చెవి దగ్గర ఆడించేది. లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపిస్తేనే నాలోకి. డీపీటీ, టీటీ మందులు గడ్డకడితే పనికిరావు. పోలియో చుక్కలు, తట్టు మందు వేడికి చెడిపోతాయి. అన్నిటికీ కుదిరేది 2 నుంచి 8 డిగ్రీల మధ్యనే. కొండాపురం మే నెల ఎండలో ఆ చల్లదనాన్ని సందె దాకా కాపాడటం నా పని, నన్ను నీడ పట్టున ఉంచడం ఆమె పని. చెట్టు కనబడితే ముందు నన్ను దించి, తర్వాత తన ముఖం తుడుచుకునేది.

శనగ కోతలప్పుడు తల్లులు దొరకడం కష్టం. "సూదేస్తే బిడ్డకు జరమొస్తాది నర్సమ్మా, రేపు కూలికి ఎట్ల పోయేది?" అని ఒకామె తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఆమె భయంలో తప్పేముంది? ఒక్క రోజు కూలి పోతే ఆ ఇంట్లో లోటు తెలుస్తుంది.

నర్సమ్మ వాదించలేదు. అప్పుడు నర్సమ్మ చంటిబిడ్డకు పద్నాలుగు వారాలు. మూడో డీపీటీ ఆ వాకిట్లోనే, అందరి ముందరే, తన బిడ్డ తొడకే వేసింది. రాత్రి బిడ్డకు జ్వరం వచ్చింది. పక్కనే ఉన్న నేను చూశాను: తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తా తెల్లవార్లూ కూర్చుంది. పొద్దున జ్వరం తగ్గిన బిడ్డను చంకనెత్తుకుని ఆ వాకిలికే పోయింది. "వచ్చింది, తగ్గింది. మీ బిడ్డకు జరమొస్తే నేనొస్తాలేమ్మే" అంది. అన్నట్టే వచ్చింది కూడా. ఆ సూది ఆపే కోరింత దగ్గుతో, కంఠసర్పితో పసిపిల్లలు పోవడం చూసిన ముసలమ్మలు ఆ తర్వాత ఆమె వైపే మాట్లాడారు.

1995లో పల్స్ పోలియో మొదలైంది. పల్స్ పోలియో ఆదివారాల్లో చుక్కలు ఆమె వేస్తే, చిటికెన వేలికి సిరా గుర్తు ఆమె కూతురు పెట్టేది. తల్లికి ఆదివారమూ లేదని ఆ పిల్ల అలిగిన రోజులున్నాయి. దేశంలో సహజ వైరస్ వల్ల వచ్చిన చివరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో బయటపడింది. 2014 మార్చి 27న మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతం పోలియో లేనిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. ఆ కాగితం మీద ఆమె పేరు ఎందుకుంటుంది? కానీ అందులో ఆమె మోసిన బరువుంది, నేనే సాక్ష్యం.

ఆమె రిటైరయినాక నా బతుకు మారింది. నా మూత మీద కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. ఒక పెళ్లికి సోడాలు చల్లబరచడానికి తీసుకుపోయారు. మందు పెట్టే చోట సోడా సీసాలు! మూత బీటలు వారింది, బిగువు పోయింది. బిగువు లేని డబ్బాలో టీకా పెట్టకూడదు కాబట్టి నన్ను ఆసుపత్రి పాత సామాన్ల గదిలో మూలకు తోశారు. అందులో తప్పు లేదు. బిగువు పోగొట్టినవాళ్ల మీదే నా కోపం. పాత రిజిస్టర్లు, కాలు విరిగిన మంచం, పైన చెదలు, వాటి మధ్య ఏళ్లకేళ్లు పడున్నాను. ఆ రిజిస్టర్లలో ఆమె గుండ్రటి రాతలో ఎన్ని ఇళ్ల పిల్లల పేర్లో!

2020లో గండికోట జలాశయంలో నీళ్లు పెంచినప్పుడు ముంపు ఊళ్లు ఖాళీ అయ్యాయి. మా మండలంలోని తాళ్లప్రొద్దుటూరు జనం తలుపులు, దూలాలు కూడా ఊడదీసుకుని పోయారు. అప్పుడే మా గది సామాను కూడా బయటేశారు. రిజిస్టర్లు తూకానికి పోయాయి, నన్ను పాత సామాన్ల బండి మీద వేశారు. ఆమె నడిచిన దారులు కొన్ని ఇప్పుడు పెన్నా నీళ్ల కింద ఉన్నాయి.

కోపం పక్కనపెట్టి ఒక్క మాట అడుగుతాను. పసిపిల్లల టీకాలు ఇప్పుడు ఎవరూ పెద్దగా మరవరు. పదేళ్లకూ పదహారేళ్లకూ వేసేదాన్నే మరిచిపోతున్నారు. ఆమె కాలంలో అది టీటీ, 2019 నుంచి టీడీ. ధనుర్వాతంతో పాటు కంఠసర్పి నుంచి కూడా కాపాడుతుంది, సర్కారు దవాఖానాలో ఉచితం. దానికోసం ఆమె నన్ను మోసుకుని హైస్కూలు దాకా పోయేది. మీ ఇంట్లో ఆ వయసు పిల్లలుంటే, ఆ సూది పడిందో లేదో ఈ బుధవారమే మీ ఏఎన్ఎంను అడగండి.