ఒరిగిన బస్సు ఎక్కండి, ఒరగని బస్సును అనుమానించండి

ఎయిర్ సస్పెన్షన్ బస్సుల గురించి నేనిచ్చే సలహాలు వినగానే తలకిందులుగా అనిపిస్తాయి. అయినా ఇవి ప్రాణాలతో పని, అందుకే చెప్తున్నాను.

దిల్‌సుఖ్‌నగర్ స్టాపులో లోఫ్లోర్ బస్సు ఆగి, ఉస్సుమని ఫుట్‌పాత్ వైపు ఒరిగితే వెనక్కి జరగకండి. ఎక్కండి, పెద్దవాళ్లను ముందు ఎక్కించండి. మెట్టు కిందికి రావాలని డ్రైవరే ఆ వైపు గాలి వదిలాడు. తలుపు మూశాక గాలి నిండి బస్సు లేస్తుంది. లేవకపోతే మాత్రం దిగిపోండి.

సమంగా నిలబడ్డ బస్సును చూసి మురిసిపోకండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. రాత్రి ఎల్బీ నగర్‌లో విజయవాడ, రాజమండ్రి, విశాఖ వెళ్లే బస్సులు వరసగా ఆగుతాయి. కమాన్ పట్టీల బస్సయితే బరువెక్కువైనప్పుడు వెనక కుంగి తన సంగతి తనే చెప్పేస్తుంది. ఎయిర్ సస్పెన్షన్ బస్సు చెప్పదు. వెనక చక్రం పక్కన వంగి చూడండి: ఛాసిస్‌కి బిగించిన చిన్న వాల్వ్, దాని నుంచి యాక్సిల్‌కి దుమ్ము పట్టిన సన్నటి రాడ్డు. బాడీ కుంగగానే ఆ రాడ్డు వాల్వ్‌ను తెరుస్తుంది. పాత ఎత్తు వచ్చేదాకా ట్యాంకులోని గాలి రబ్బరు బెల్లోస్‌లోకి పోతుంది. జనం దిగితే ఎక్కువైన గాలి బయటికి పోతుంది. 2018లో ఎల్బీ నగర్ దాకా వచ్చిన మెట్రోలోనూ ఎంతమంది ఎక్కినా పెట్టె నేల ప్లాట్‌ఫామ్‌కు సమంగా ఉండేది గాలి స్ప్రింగుల వల్లే.

కానీ ఎత్తు తగ్గలేదంటే బరువు లేదని కాదు. టైర్లు, యాక్సిల్, బ్రేకులు ప్రతి కిలోనూ మోస్తూనే ఉంటాయి. పైగా ఆ వాల్వ్ నిదానంగా పనిచేసేది. మలుపులో బస్సు ఒరిగిపోతుంటే ఆపలేదు. సంక్రాంతి రద్దీలో డిక్కీ మూసేలోపు తొంగి చూడండి. టాపు మీదికి పార్సిళ్లు ఎక్కిస్తుంటే క్లీనర్‌ని నిలదీయండి. దింపనంటే ఎక్కకండి, టికెట్ డబ్బులు పోతే పోనీ.

తెల్లవారుజామున డ్రైవర్ బండి స్టార్ట్ చేసి కదలకుండా కూర్చుంటే "పోనియ్యి అన్నా" అనకండి. గాలి ముందు బ్రేకుల ట్యాంకుల్లో నిండాలి, తర్వాతే బెల్లోస్ సంగతి. 2023లో మొదలైన ఈ-గరుడ ఎలక్ట్రిక్ బస్సుల్లో ఇంజిన్ ఉండదు, అయినా కంప్రెసర్ గాలి నింపేదాకా ఆగాల్సిందే.

సొంత కారున్నవాళ్లకు ఒక్క మాట. ఊరికి బయల్దేరేటప్పుడు వెనక కుంగిన కారును లేపకండి, సామాను దింపండి. స్ప్రింగుల మధ్య గాలి సంచులు పెట్టిస్తే కారు లేస్తుంది, నిజమే. కంపెనీ ఇంత బరువే మోయాలని పెట్టిన పరిమితి మాత్రం కిలో కూడా పెరగదు.

ఇక బస్సుల ఓనర్లకు. ఎత్తు కోసం ఆ రాడ్డు వంచే మెకానిక్ ఎంత పనిమంతుడైనా పంపించెయ్యండి. కింద దూరి పనిచేసే కుర్రాడు "గాలి నిండుగా ఉంది సార్, ఏం కాదు" అంటే అస్సలు ఒప్పుకోకండి. బెల్లోస్ పగిలినా, పైపు ఊడినా బాడీ క్షణంలో కిందికొచ్చేస్తుంది, తప్పుకునే టైముండదు. ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టించాకే లోపలికి పంపండి. స్టాండ్లు లేకపోతే ఆ పూట ట్రిప్పు రద్దు చేసుకోండి.