మైనస్ ఎంతన్నా?

చెన్నై మాధవరంలో అర గ్రౌండు స్థలం కొనడానికి వచ్చినవాణ్ణి ఎప్పుడైనా గమనించారా? నెల్లూరు నుంచి వచ్చి లారీ బుకింగ్ ఆఫీసులో పద్దులు రాస్తుండొచ్చు, ఒంగోలు నుంచి వచ్చి రెడ్‌హిల్స్ బియ్యం మిల్లులో గుమస్తాగా చేరి ఉండొచ్చు. స్థలం గట్టు మీద నిలబడ్డాడంటే మాత్రం ఇంజనీరూ ప్లీడరూ కలిసి వాడి ఒంట్లో దూరతారు. పట్టా ఎవరి పేరున ఉంది, బోరు ఎన్ని అడుగులకు పడింది, నీళ్ళు ఉప్పా తీపా, 2015 డిసెంబరులో వరద ఎన్నో మెట్టు దాకా ఎక్కింది, 2023లో మిచౌంగ్ తుపానుకు కరెంటు ఎన్ని రోజులు పోయింది, పుళల్ చెరువు గేట్లెత్తితే వడపెరుంబాక్కం మీదుగా మణలి వైపు పోయే మిగులు నీళ్ళు ఈ వీధికి ఎంత దూరం? బ్రోకరు చెప్పింది నమ్మడు. పక్కింటి ముసలమ్మను అడుగుతాడు. ఆమె చెప్పిందీ నమ్మక, వంగి గోడ మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో జానతో కొలుస్తాడు. ఇదంతా 1200 చదరపు అడుగుల కోసం.

అదే మనిషి, కన్నకొడుకును ఏడాదిలో ఐదు నెలలు మంచు కింద ఉండే ఊరికి పంపేటప్పుడు అడిగేది ఒకే ఒక్క ప్రశ్న.

"మైనస్ ఎంతన్నా?"

"ముప్పై దాకా పోద్దంట."

"తట్టుకుంటాడంటావా?"

"పొడి చలన్నా అది. ఒంటికి తెలియనే తెలియదంట."

ఊరు ఖాయమైపోయింది. మాధవరం రౌండానా దగ్గర టీ చల్లారేలోపు విన్నిపెగ్ నిశ్చయం, కాస్త చక్కెర ఎక్కువేస్తే ఎడ్మంటన్ కూడా నిశ్చయం.

ఈ పొడి చలి సిద్ధాంతానికి మా పేటలో ఉన్నంత మంది పండితులు కెనడా వాతావరణ శాఖలో కూడా ఉండరు. వీళ్ళలో ఎవరూ మంచు మొహం చూడలేదు. వీళ్ళ ఊరు తన చరిత్రలో 13 డిగ్రీల కిందికి దిగినట్టు రికార్డు లేదు. ధనుర్మాసంలో 21 డిగ్రీలకే మంకీ క్యాపు పెట్టుకుని, చెవుల మీద మఫ్లరు చుట్టుకుని పాల ప్యాకెట్టుకు వెళ్ళే జాతి మనది. మాధవరం పాల కాలనీ వాళ్ళకు చలితో ఉన్న దగ్గరి చుట్టరికం ఆవిన్ డెయిరీ కోల్డు రూముతోనే. అక్కడ పాలు ఉండేది 4 డిగ్రీల దగ్గర. ఇంట్లో ఫ్రిజ్ పై అరలో ఐస్ కట్టేచోట మైనస్ 18. విన్నిపెగ్‌లో జనవరి రాత్రి సగటు సుమారు మైనస్ 21. అంటే అక్కడ వీధిలో చలేసినవాడు వచ్చి మన ఫ్రీజర్లో కూర్చుంటే కాస్త వెచ్చబడతాడు.

పొడి చలి మాటలో అసలు నిజమే లేదని అనను. గాలిలో తడి తక్కువైతే బట్టలు చెమ్మగిల్లవు, సముద్రం ఒడ్డున ఉండే హాలిఫాక్స్‌లో లాగా ఎముకల్లోకి ఇంకదు. కానీ ఒంట్లోని వేడిని లాక్కుపోయేది ప్రధానంగా గాలి. మైదానంలో కట్టిన విన్నిపెగ్‌లో గాలికి అడ్డం వచ్చే కొండ లేదు. కెనడా వాతావరణ శాఖ పట్టిక ప్రకారం విండ్ చిల్ మైనస్ 28 నుంచి 39 మధ్య ఉంటే, కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకడుతుంది. మైనస్ 40 దాటితే 5 నుంచి 10 నిమిషాలు చాలు. ఆదివారం సాయంత్రం సిటీ బస్సు రావడానికి పట్టే వ్యవధి అది. చెవి తమ్మె గడ్డకట్టేటప్పుడు అది పొడిగా గడ్డకడుతోందా తడిగానా అని మనవాడు పరిశీలించి వాట్సాప్‌లో రాస్తే, టీ కొట్టు పండితులు చర్చ కొనసాగించవచ్చు.

అయితే నా గొడవ మైనస్ అంకె మీద కాదు. ఆ అంకె ఒక్కటే అడిగి ఊరుకోవడం మీద. వాన ఎంత పడుతుందని అడిగి స్థలం కొనేవాడు మాధవరంలో ఉన్నాడా? పడిన నీళ్ళు ఎటు పోతాయని అడుగుతాడు. చలి సంగతీ అంతే.

అమెరికా వెళ్ళిన మనవాళ్ళ కథ చూడండి. 1965 చట్టం తలుపులు తెరిచాక వెళ్ళిన డాక్టర్లు డెట్రాయిట్, షికాగో, పిట్స్‌బర్గ్ లాంటి మంచు ఊళ్ళలో కుదురుకున్నారు. ఉద్యోగం అక్కడుంది, వెళ్ళారు. తరవాత తరం చేతికి ఎంపిక దొరికింది. మంచు ఎత్తిపోసి నడుము పట్టుకున్నవాళ్ళు కొందరు "మనకెందుకొచ్చిన చలి, మన ఎండలే నయం" అని డల్లాస్ చుట్టుపక్కల ఇళ్ళు కట్టుకున్నారు. తెలివైన పనే. కానీ 2021 ఫిబ్రవరి మధ్యలో అదే డల్లాస్ మైనస్ 19కి పడిపోయింది. కరెంటు పోయింది, పైపులు పగిలాయి, లక్షల ఇళ్ళు చీకట్లో గడ్డకట్టాయి. టెక్సస్ రాష్ట్రం అధికారికంగా లెక్కగట్టిన మరణాలే 246. సొంత ఇళ్ళలో దుప్పట్ల కింద చలికి పోయినవాళ్ళున్నారు. అంతకన్నా చలి పెట్టిన రోజున మినియాపోలిస్‌లో జనం ఆఫీసులకు పోయి సాయంత్రం కూరగాయలు కొనుక్కుని ఇంటికొస్తారు. ఎందుకంటే ఆ ఊరి నడిబొడ్డున భవనం నుంచి భవనానికి రెండో అంతస్తులో అద్దాల వంతెనలు సుమారు 15 కిలోమీటర్ల పొడవున అల్లుకుని ఉన్నాయి. పైపులు మంచు దిగలేనంత లోతున పాతారు. గోడల్లో దూది లాంటిది కూరారు. మైనస్ 19 వాళ్ళకు మామూలు మంగళవారం.

ఒక్క మాట నవ్వు పక్కన పెట్టి చెప్పాలి. 2022 డిసెంబరు 26న అరిజోనాలో వుడ్స్ కాన్యన్ సరస్సు మీద పేరుకున్న మంచు విరిగి మన తెలుగువాళ్ళు ముగ్గురు మునిగి పోయారు. వాళ్ళుండేది ఎండలకు పేరుపడ్డ ఫీనిక్స్ పక్కన. సెలవులకు కొండల్లోకి వెళ్ళి ఫొటోల కోసం గడ్డకట్టిన సరస్సు మీద అడుగు పెట్టారు. చలి దేశంలో పుట్టిన పిల్లవాడికి ఏ మంచు మనిషిని మోస్తుందో, ఏది మోయదో ఇంట్లో చెబుతారు, బళ్ళో చెబుతారు. మన పిల్లలకు చెప్పేవాడు లేడు. వీసా ఇంటర్వ్యూకు ఏ రంగు చొక్కా వేసుకోవాలో నేర్పడానికి మాత్రం పాతికవేలు తీసుకునేవాళ్ళున్నారు.

ఇక అసలు ఊరిని ఎంచేదెవరు? తండ్రి తానే ఎంచానంటాడు, కొడుకు తానే ఎంచానంటాడు. ఇద్దరిదీ భ్రమ. ఎంచింది పాయింట్లు. కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో మొత్తం 1200 పాయింట్లుంటే, ఒక రాష్ట్రం నామినేట్ చేసిందంటే ఒక్క దెబ్బకు 600 వచ్చి పడతాయి. రాష్ట్రాలు నామినేట్ చేసే ఈ పథకం పుట్టింది తొంభైల చివర్లో, ముందుగా చేతులు చాచినవాటిలో మానిటోబా ఒకటి. కారణం ఊహించుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. వాంకూవరుకు రమ్మని ఎవరినీ బతిమాలనక్కర్లేదు, అక్కడ ఇంటద్దే కావలికుక్క. జనవరిలో కనురెప్పల మీద మంచు కట్టే చోటికే తాంబూలం పంపి పిలవాలి. మనవాడేమో ఆ తాంబూలం తన ప్రతిభకు దక్కిన సన్మానం అనుకుంటాడు. ఆ రాష్ట్రంలోనే స్థిరపడే ఉద్దేశం ఉందని రాసి సంతకం పెట్టి, కార్డు చేతికొచ్చిన మరుసటి వేసవికి బ్రాంప్టన్ బండెక్కేవాళ్ళ సంగతి వేరే వ్యాసానికి సరిపోతుంది.

పాయింట్లు కూడా నిలకడగా ఉంటాయా అంటే అదీ లేదు. ఉద్యోగ ఆఫరుకు ఇచ్చే 50, 200 పాయింట్లను 2025 మార్చిలో ఎత్తేశారు. చదువుకునేవాళ్ళు ఖర్చులకు చూపించాల్సిన సొమ్మును 2024 జనవరిలో 10 వేల డాలర్ల నుంచి 20,635కు పెంచారు. ఈ అంకెలన్నీ మా పేట తండ్రులకు కంఠతా వచ్చు. ఫిబ్రవరిని మాత్రం ఎవరూ ఎత్తెయ్యలేదు, ఎవరూ తగ్గించలేదు. దాని గురించి ఎవరికీ ఏమీ తెలీదు.

కన్సల్టెన్సీ బ్రోచరు చూడండి. ప్రతి ఊరికీ అక్టోబరు ఫొటోయే ఉంటుంది. ఎర్రటి మేపుల్ ఆకులు, నీలం ఆకాశం, పలచటి స్వెట్టరు వేసుకుని నవ్వే అమ్మాయి. సీటు దొరికేది మాత్రం జనవరి బ్యాచ్‌లో. అంటే పొంగలి తిని పోవాల్సినవాడు పొంగలికి ముందే, ఏడాది మొత్తంలో అతి చెడ్డ వారం చూసుకుని దిగుతాడు. ఎడ్మంటన్ అయితే ఆ రోజుల్లో సూర్యుడు ఉదయం 8.45 దాటాక వస్తాడు, నాలుగున్నర కాకుండానే పోతాడు. కాల్గరీకి పోతానంటే షినూక్ అనే వెచ్చటి గాలి వచ్చి కొన్ని గంటల్లో ఇరవై డిగ్రీలు పెంచేస్తుందని ఊరిస్తారు. ఆ గాలి వచ్చినప్పుడు తలపోటుతో మంచమెక్కేవాళ్ళున్నారని చెప్పరు. పైగా ఇవాళ కరిగిన నీళ్ళు రేపు తెల్లారేసరికి రోడ్డు మీద కంటికి కనపడని గాజు పలక అవుతాయి.

సామాను సంగతి మరీ అన్యాయం. రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. అందులో ఆవకాయ, గోంగూర, కందిపొడి, కుక్కరు, మూడు గిద్దల నెయ్యి. చలికి మటుకు టీ నగర్లో కొన్న ఒక స్వెట్టరు, అరడజను నూలు బనియన్లు, జీన్సు ప్యాంట్లు. చెమట పట్టి తడిసిన నూలు ఒంటికి అంటుకుని వేడిని పీల్చేస్తుంది, తడిసిన జీన్సు రేకులా బిగుసుకుంటుంది. కావలసింది లోపల ఉన్ని, పైన గాలి దూరని కోటు, అడుగున మందపాటి బూట్లు. అవి అక్కడే కొనుక్కోవాలి, ఆ డబ్బు ముందే పక్కన పెట్టాలి. వాళ్ళమ్మను తప్పుపట్టను. ఆమెకు ఎవరు చెప్పారు గనక?

కాబట్టి మరకను జానతో కొలిచే ఆ చెయ్యి ఇక్కడా బయటికి తియ్యండి. బస్టాపు ఇంటికి ఎన్ని అడుగులు, దానికి కప్పుందా, లోపల హీటరుందా అని అడగండి. రాత్రి డ్యూటీ అయ్యాక బస్సుంటుందా అడగండి. ఇంటి ముందు కాలిబాట మీద మంచు ఎవరు తియ్యాలి? కాల్గరీలో అయితే మంచు ఆగిన 24 గంటల్లో ఇంటివాళ్ళే తియ్యాలి, లేకుంటే ఊరివాళ్ళు తీయించి బిల్లు పంపుతారు. కారు కొంటే రాత్రిళ్ళు ఇంజనుకు కరెంటు పెట్టాలి. విన్నిపెగ్‌లో కార్ల ముక్కు కింద ప్లగ్గులు వేలాడుతుంటాయి. అద్దెకు చూసే ఇంటి పార్కింగులో సాకెట్టుందా? క్విబెక్ అయితే డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా మంచు టైర్లు లేని కారు రోడ్డెక్కడానికి చట్టం ఒప్పుకోదు. ఆ టైర్ల ఖర్చు ఎవరి లెక్కలో ఉంది?

అడిగితే జవాబు చెప్పేదెవరన్న చిక్కు ఉంది. ప్రతి ఇంటికీ అక్కడొక బంధువు ఉంటాడు, బావమరిదో పెద్దనాన్న కొడుకో. "మా ఊరే రానివ్వు మామా, పొడి చలి, ఏం కాదు, నేను చూసుకుంటా" అంటాడు. మంచి మనసే, కాదనను. కానీ ఒక ఊరి గురించి మనిషి మరీ అంత పట్టుబట్టి చెబుతున్నాడంటే, మర్యాదగా క్షేమసమాచారాలన్నీ అయ్యాక, వాళ్ళ బేస్‌మెంటులో ఇప్పుడెవరుంటున్నారని అడగండి. ఖాళీ అయిందంటే అద్దె ఎంతని అడగండి. అద్దె చెప్పాక ఇంటి మొత్తానికీ హీటరు మీట ఎక్కడుంటుందో అడగండి. అది పై అంతస్తు హాల్లో ఉంటుంది. బావమరిదికి ఉక్కపోస్తే తగ్గిస్తాడు.