టేబుల్ మీద గచ్చకాయ

నేను గచ్చకాయను. పెద్దమండ్యం మండలంలో ఒక శనక్కాయల చేను గట్టున, మేకలు కూడా మూతి పెట్టడానికి జంకే ముళ్లపొదలో పుట్టాను. నా తొడుగు నిండా ముళ్లే. ఎండకు అది పగిలితే లోపల నేనూ నా తోడబుట్టిందీ బూడిదరంగులో, నిగనిగలాడుతూ బయటపడ్డాం.

మమ్మల్ని ఏరింది ఒక అవ్వ. చిన్నప్పుడు ఆమె మా వాళ్లతో ఆడని ఆట లేదు. వామనగుంటలకు చింతగింజలు చాలకపోతే మేమే, అచ్చనగాయలకూ మేమే. బండ మీద బరబరా రుద్ది పక్కపిల్ల చేతికి చురక పెట్టడమంటే మరీ సరదా. మా పెంకు ఓ పట్టాన అరగదు, కానీ బాగా వేడెక్కుతుంది.

ఆమె మనవరాలికి ఆఫీసులో కంప్యూటరు ముందు ఉద్యోగం. మనిషి కూర్చుంటుంది గానీ చేతులు కూర్చోవు. ఫోన్లో అవతలివాళ్లు చెప్పేది వింటున్నంతసేపూ ఎడమచెయ్యి దేన్నో ఒకదాన్ని వెతుక్కుంటుంది. మొదట బాల్‌పెన్ను దొరికింది. పక్క టేబుల్ పెద్దాయన ఓర్చుకుని ఓర్చుకుని, "పాపా, ఆ పెన్ను నా తలకాయలో టిక్కుటిక్కుమంటాంది" అన్నాడు.

మదనపల్లెకు పోయినప్పుడు స్పిన్నర్ కొనుక్కొచ్చింది. 2017లో లోకంలోని పిల్లల వేళ్ల మీద తిరిగి, ఆ ఏడే ఎన్నో బడుల గేటు బయట ఆగిపోయిన మూడు రెక్కల సరుకు అది. దాని బేరింగుకు వంక పెట్టను. కానీ అది తిరుగుతుంటే కన్ను దాని మీదే ఉంటుంది, స్క్రీన్ మీది అంకెలు అక్కడే ఆగిపోతాయి. తర్వాత ఫిడ్జెట్ క్యూబ్ వచ్చింది. 2016లో కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్‌లో లక్షల డాలర్లు పోగుచేసుకున్నదానికి చౌక నకలు. ఒక ముఖానికి మీట, ఒక ముఖానికి చక్రం, ఇంకో ముఖానికి నొక్కుడు బుడిపెలు. ఆ బుడిపెలు మళ్లీ పెన్ను పాటే పాడాయి. రబ్బరు బంతి సంగతి చెప్పక్కర్లేదు, దుమ్ము పట్టి జిగటయి కాగితాలకు అంటుకుంది.

చేతికి చిన్న పని పెడితే చెవి బాగా వింటుందన్న మాట ఉత్తది కాదు. 2009లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ యూనివర్సిటీకి చెందిన జాకీ ఆండ్రేడ్ 40 మందికి విసుగు పుట్టించే టేపు వినిపించి, అందులో సగంమందిని కాగితం మీది ఆకారాలకు పెన్సిలుతో రంగు నింపుతూ వినమన్నారు. వాళ్లకే 29 శాతం ఎక్కువ గుర్తుంది. అది పెన్సిలు సంగతి. తరగతి గదిలో పిల్లల చేతికి స్పిన్నర్ ఇచ్చి చూస్తే, శ్రద్ధ పెరగకపోగా తగ్గిన సందర్భాలున్నాయి. కంటిని లాగేది ఆటకు పనికొస్తుంది, టేబుల్‌కు కాదు. ఇది నా మాట, స్వార్థం ఉందంటే ఉండొచ్చు.

పండక్కి ఇంటికొచ్చిన మనవరాలు మంచం పట్టె మీద గోళ్లతో దరువేస్తుంటే అవ్వ విసుక్కుని, "ఇంద, దీన్ని పెట్టుకోని గమ్మునుండు" అని మమ్మల్ని ఆమె ఒళ్లో పడేసింది. ఆ పిల్ల తెలివైంది. ఒక్కొక్కదాన్నీ చెవి దగ్గర పెట్టి ఆడించింది. బాగా ఎండితే మాలో కొందరికి పప్పు పెంకును వదిలి లోపల కదులుతుంది. నా తోడబుట్టింది గలగలమనడంతో ఇంట్లోనే ఉండిపోయింది. నేను ఆఫీసుకొచ్చాను.

నా పని బొటనవేలి కింద దొర్లడం. మొదట చల్లగా ఉంటాను, కాసేపటికి వేలి వేడి పట్టుకుంటాను. ఛార్జింగ్ అక్కర్లేదు. బీరువా కిందికి దొర్లిపోతే మాత్రం చీపురు కావాలి.

గట్టు మీద పుట్టామని మమ్మల్ని ఊరు దాటనివాళ్లనుకోవద్దు. మా పెంకులోకి నీళ్లు దిగవు, అందుకే సముద్రంలో తేలుతూ పోతాం. మా బంధువులు అలా స్కాట్లండ్ పడమటి దీవుల ఒడ్డున తేలేవాళ్లు. తెల్లగా ఉన్నవాళ్లను అక్కడ పిల్లల మెడలో దిష్టికి కట్టేవారని మార్టిన్ మార్టిన్ అనే ఆయన 1703లో అచ్చయిన పుస్తకంలో రాశాడు.

మొన్న ఆ పెద్దాయనే అడిగాడు. "పాపా, అట్లాంటిది నాకూ ఒకటి తెచ్చిపెడతావా?"

"మీ చేని గట్టు మీదే ఉంటాయి సార్. చెవికాడ పెట్టి ఆడించి చూసి తెచ్చుకోండి. ముళ్లు జాగ్రత్త."

సోమవారం ఆయన వేళ్ల నిండా ముళ్లగీతలు, జేబులో గచ్చకాయ. ఆడించి చూడటం మరిచిపోయినట్టున్నాడు. ఇప్పుడు మా గదిలో గలగల ఆయనదే.