గోవా కాసినోకి ఏం కట్టుకెళ్లాలి? (మచ్చ బొల్లారం వాసులకు మాత్రమే)

ముందుగా ఊళ్లోనే పని కానిద్దామనుకునే వాళ్ల కోసం. తెలంగాణ గేమింగ్ చట్టం 1974 నాటిది. జూదశాల నడిపినా, అందులో కూర్చుని ఆడినా నేరమే. 2017లో దాన్ని సవరించి ఆన్‌లైన్ ఆటలను కూడా కలిపారు. అంచేత మనకు మిగిలింది మేడ్చల్ వైపో, శామీర్‌పేట వైపో ఎవరో స్నేహితుడి ఫాంహౌస్. దానికి తగ్గ దుస్తులు వేరు. మర్నాడు పేపర్లో రాబోయే ఫొటో ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. బల్ల మీద పేకముక్కలు, నోట్ల కట్టలు, వరుసగా పేర్చిన సెల్‌ఫోన్లు. వెనక నిలబడ్డ పోలీసులు. ముందు నేల మీద తలలు దించుకున్న ‘పేకాటరాయుళ్లు’. అందులో మీ చొక్కా ఏ కంపెనీదో ఎవరూ చూడరు. కావలసింది కర్చీఫ్. పెద్దది, ముదురు రంగుది, ఇంట్లో వాళ్లు ఇంతకు ముందు చూడనిది. కరోనా నాటి మాస్కు బీరువాలో మిగిలి ఉంటే ఇంకా మంచిది.

‘మనం ఆడేది రమ్మీయే కదా బావా, అది తెలివితో ఆడే ఆట’ అంటాడు మీ బామ్మర్ది. నిజమే. మన సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ కేసులోనే 1967లో సుప్రీంకోర్టు రమ్మీలో నైపుణ్యానిదే పైచేయి అని, అది మూడు ముక్కలాట లాంటిది కాదని తేల్చింది. ఆ తీర్పు జిరాక్సు తీసి పైజేబులో పెట్టుకోండి, చొక్కాకు కాస్త బరువొస్తుంది. గోడ దూకి వచ్చిన ఎస్సై ఎదుట దాన్ని విప్పి చదవడానికి కావలసిన గొంతు మాత్రం జిరాక్సు షాపులో దొరకదు.

ఇవన్నీ ఎందుకనుకునే పెద్దమనుషులకు గోవా ఉంది. 2024 అక్టోబర్ నుంచి సికింద్రాబాద్–వాస్కో రైలు వారానికి రెండు రోజులు నడుస్తోంది కూడా. రైల్లోకి గళ్ల లుంగీ చాలు. కర్నూలు, గుంతకల్లు, హుబ్లీ మీదుగా పోయే దారిలో మిమ్మల్ని గుర్తుపట్టేవాళ్లు ఉండరు. గ్యాంగు మొత్తానికీ ఒకే తానులోంచి కుట్టించిన పూల చొక్కాలు మడ్‌గావ్ దాకా సంచీలోనే ఉంచండి.

పణజీలో మాండవి నది మధ్య నిలిపిన నావల మీదికి చిన్న బోటులో తీసుకెళ్తారు. మగవాళ్లు నిక్కర్లతో, స్లిప్పర్లతో, చేతుల్లేని బనియన్లతో వస్తే సాధారణంగా ఆపేస్తారు. ఇది బాగుంది. లక్ష రూపాయలు పోగొట్టుకోవడానికి వచ్చేవాడు బూట్లు వేసుకుని రావాలి మరి. 21 ఏళ్లు నిండాలి, గుర్తింపు కార్డు చూపాలి. అసలు సంగతి ఈ కార్డులోనే ఉంది. 2020 ఫిబ్రవరి 1 నుంచి గోవా వాసులకు గోవా కాసినోల్లో ప్రవేశం లేదు. మొనాకోలోనూ ఇంతే, మాంటే కార్లోలో అక్కడి పౌరులు ఆడకూడదు. సొంత జనం జేబుల మీద ఆ ప్రభుత్వాలకున్న ప్రేమ మన జేబుల మీద లేదు, మనం అతిథులం. కాబట్టి ఎంత సూటు వేసినా, అడ్రసులో ‘మచ్చ బొల్లారం, ఆల్వాల్’ అని అచ్చయిన ఆధార్ కార్డే మీ ఒంటి మీద అసలైన నగ.

రంగు విషయంలో మనవాళ్లకు పట్టింపు ఎక్కువ. జ్యోతిష్యుడు చెప్పిన పగడం ఉంగరం, తిరుమలలో కొత్తగా చేయించిన గుండు, కలిసొచ్చే ఎర్ర చొక్కా. రూలెట్ చక్రంలో 37 గళ్లుంటాయి. 18 ఎరుపు, 18 నలుపు, సున్నా ఒక్కటే ఆకుపచ్చ. ఎర్ర చొక్కాతో ఎరుపు మీద కాసినా, నల్ల చొక్కాతో నలుపు మీద కాసినా, ఆ ఆకుపచ్చ గడిలో బంతి పడితే ఇద్దరి సొమ్మూ ఒక్క చోటికే పోతుంది. ఒకే అంకె మీద కాసి గెలిస్తే ఒకటికి 35 ఇస్తారు, గళ్లు మాత్రం 37. అందుచేత ఆకుపచ్చ చొక్కా వేసుకోమని నా సలహా. గెలవడానికి కాదు, నావ యజమాని తరఫు మనిషిలా కనిపించడానికి.

ఇక జేబులు. చిప్స్ పూర్తి విలువ మీద 2023 అక్టోబర్ 1 నుంచి 28 శాతం జీఎస్టీ, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం. పొరపాటున గెలిచారా, గెలిచిన దాని మీద ఆదాయపు పన్ను 30 శాతం. ఇంత మంది చేతులు పెట్టే ప్యాంటుకు మామూలు జేబులు సరిపోవు. మన టైలర్ దగ్గర లోపల ఒక చోర్ జేబు కుట్టించుకుని, అందులో తిరుగు టికెట్, టీ డబ్బులు పెట్టి, దాని నోరు కూడా కుట్టేయమనండి. విప్పాలంటే బ్లేడు కావాలి, నావ మీద బ్లేడు అడిగితే సెక్యూరిటీ వాళ్లే మిమ్మల్ని ఒడ్డుకు దించుతారు. మెడలో గొలుసు ఇంట్లో వదిలేయండి. అర్ధరాత్రి మూడో పెగ్గు దగ్గర, అందర్ బాహర్ బల్ల ముందు, ఆ గొలుసు ఎన్ని గ్రాములో మీకు ఉన్నట్టుండి గుర్తొస్తుంది.

దంపతులుగా వెళ్లే వాళ్లకు నలుడి సంగతి చెప్పకుండా ఉండలేను. పుష్కరుడితో జూదమాడి రాజ్యం పోగొట్టుకుని, భార్య దమయంతితో కలిసి కట్టుబట్టతో అడవికి పోయాడు. ఆకలేసి, బంగారు రెక్కల పక్షుల్ని పడదామని ఉన్న ఒక్క బట్టా వాటి మీద విసిరాడు. అవి బట్టతో సహా ఎగిరిపోతూ, మేం నీ పాచికలమే, నీ ఒంటి మీద బట్ట మిగిలితే మాకు తృప్తి లేదని చెప్పి మరీ వెళ్లాయి. ఆ తర్వాత ఇద్దరూ దమయంతి చీరలోనే కాలం గడిపారు, చివరికి సగం కోసుకుని ఆయన వెళ్లిపోయాడు. అంచేత వదినా, గోవాకు మామూలు చీర చాలదు, తొమ్మిది గజాలది తీసుకోండి. కత్తెర మాత్రం అన్నయ్య సంచీలో లేకుండా చూసుకోండి.