దెయ్యం ఎప్పుడూ పొరుగుదే

దెయ్యాల విషయంలో మన దేశంలో రాతకోతలు లేని ఒప్పందం ఒకటి నడుస్తోంది: ఎవరి దెయ్యం వాళ్లకు పనికిరాదు. 1993లో మలయాళంవాళ్లు ‘మణిచిత్రతాళ్’ తీస్తే అందులో దెయ్యం నాగవల్లి తమిళ నర్తకి. 2004లో కన్నడంవాళ్లు దాన్నే ‘ఆప్తమిత్ర’గా తీసి, నాగవల్లిని తెలుగుదాన్ని చేశారు. మరుసటేడు తమిళంలో ‘చంద్రముఖి’ వచ్చింది. వాళ్లకూ తెలుగు నర్తకే కావలసి వచ్చింది. రజనీకాంత్ సినిమా, తమిళ జనం, దెయ్యం పాట మాత్రం అచ్చతెలుగులో! 2007లో హిందీవాళ్లు ‘భూల్ భులయ్యా’ తీసి, మంజులికను బెంగాల్ నుంచి రప్పించారు. పొరుగింటి పుల్లకూర రుచి అన్నారు పెద్దలు. జడుపు సంగతీ అంతే.

ఇంత గిరాకీ ఉన్న తెలుగు దెయ్యాన్ని బయటికి పంపించేసి మనం అమెరికా దెయ్యాన్ని తెప్పించుకుంటున్నాం. అక్టోబరు 31 వస్తోందంటే హైదరాబాదు ఆఫీసుల్లో గుమ్మడికాయకు కళ్లూ పళ్లూ చెక్కుతున్నారు. మా అలంపూర్‌లో గుమ్మడికాయను దిష్టికి గుమ్మానికి కడతాం, లేదా పప్పులో వేస్తాం. దానికి పళ్లు పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. “మామా, ఆఫీసుల హాలోవీన్ పార్టీ ఉంది. జడుసుకునే పాటలు ఓ పది చెప్పు.”

“పుట్టింది అలంపూర్‌ల, నన్నడుగుతవేందిరా?” అన్నాను.

నిజమే కదా. మా జోగులాంబ శవం మీద కూర్చుంటుంది. అమ్మవారి జటల్లో తేలు, కప్ప, బల్లి, కపాలం. 2005లో కొత్త గుడి కట్టేదాకా బాలబ్రహ్మేశ్వరుడి ఆలయంలోనే ఉండేది. ఆ తల్లి ముందు కొబ్బరికాయ పట్టుకుని నిలబడి పెరిగిన పిల్లాడు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ ఎముకలు కొని భయపడాలని చూస్తున్నాడు. “ఇదేదో థీమ్‌కు మస్తు సరిపోతది మామా” అని కూడా అన్నాడు. అమ్మను థీమ్ చేస్తే కళ్లు పోతాయని చెప్పి, మాట పాటల మీదికి మళ్లించాను.

సినిమా పాట కావాలంటే 1965 నాటి ‘అంతస్తులు’లో దెయ్యం పాట ఒక్కటి చాలు. మహదేవన్ బాణీ, సుశీల గొంతు. ఆ పాట వింటే ఇప్పటికీ మనిషి ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాడు. అంతకుముందు ఇలాంటి పాటే 1949లో ‘మహల్’లో లతామంగేష్కర్ పాడింది, 1964లో ‘వో కౌన్ థీ’లోనూ పాడింది. పాట ఉన్నంతసేపూ దెయ్యమే. తీరా కథ చివరికొస్తే ఒకచోట తోటమాలి కూతురు, ఇంకోచోట ఆస్తి కోసం ఆడించిన నాటకం. మన దెయ్యాల్లో సగం రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరిగేవే.

“ఇంగ్లీషువి చెప్పు మామా” అన్నాడు వాడు. సరే, మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ ఉండనే ఉంది. అది విని భయపడినవాళ్లకంటే ఆడినవాళ్లే ఎక్కువ. హిచ్‌కాక్ ‘సైకో’ వేరు. 1960లో బెర్నార్డ్ హెర్మన్ బాకాలూ డప్పులూ అన్నీ పక్కన పెట్టి, కేవలం తీగ వాయిద్యాలతో ఆ సినిమా నడిపించాడు. గొప్ప పనే. కాకపోతే ఆయనకు గదినిండా వాయిద్యగాళ్లు కావలసి వచ్చారు. మన బైండ్లాయన జమిడికకు ఉన్నది ఒక్కటే తీగ. దాన్ని చంకలో ఇరికించుకుని, తీగను బిగించి వదులు చేస్తూ మీటుతుంటే ఆ ధ్వని మూలుగుతుంది, గద్దిస్తుంది, ఉన్నట్టుండి నవ్వుతుంది. అర్ధరాత్రి ఎల్లమ్మ కథ పాడుతూ గొంతు పెంచాడంటే పడుకున్న పిల్లలు లేచి తల్లుల కొంగు పట్టుకుంటారు. ఇదీ అసలు సరుకు. ఏ యాప్‌లో దొరుకుతుందని అడిగాడు మావాడు. పల్లెలో దొరుకుతుందిరా నాయనా!

ఇంతకంటే జడిపించేవి రెండు చప్పుళ్లు మా దగ్గర ఉన్నాయి గాని, వాటికి ఎవరూ డ్యాన్స్ చెయ్యలేరు. ఒకటి 2009 అక్టోబరు మొదటివారం నాటి తుంగభద్ర హోరు. అప్పుడు ఒకే రాష్ట్రం కాబట్టి ఏటికి ఆవల కర్నూలునూ, ఈవల అలంపూర్‌నూ పక్షపాతం లేకుండా ముంచింది. రెండోది చప్పుడే లేకపోవడం. మా రాజోలిబండ (ఆర్డీఎస్) కాలువకు లెక్క ప్రకారం 15.9 టీఎంసీల వాటా, 87,500 ఎకరాల ఆయకట్టు. చివరి ఊళ్ల తూముల దగ్గర చెవిపెట్టి వింటే కీచురాళ్లు తప్ప ఏమీ వినపడదు. నీళ్లున్నాయని కాగితం అంటుంది, కంటికి కనపడవు. దెయ్యం లక్షణాలన్నీ సరిపోయాయి. ఎవరు మింగారయ్యా అంటే ఒకరు కర్ణాటకవైపు, ఇంకొకరు ఆంధ్రావైపు చూపిస్తారు. ఒప్పందం ప్రకారం అదీ పొరుగు దెయ్యమే.

మావాడు చివరికి మెత్తబడి, పార్టీకి బైండ్లాయన్ను పిలిపిస్తానన్నాడు. అయ్యలారా, మీలో ఎవరికైనా అదే బుద్ధి పుడితే రెండు సంగతులు గుర్తుంచుకోండి. రాత్రి 10 దాటితే మూసి ఉన్న హాళ్లలో తప్ప మైకు గాని వాయిద్యం గాని మోగించకూడదని 2000 నాటి శబ్ద నిబంధనలు చెబుతున్నాయి. జమిడికకు మైకు అక్కర్లేకపోయినా అదీ వాయిద్యమే కాబట్టి, ఆరుబయటైతే కథ పదిలోపే ముగించండి. రెండోది, కూలి ముందే మాట్లాడుకుని, డీజేవాడికి ఇచ్చేదానికి పైసా తగ్గకుండా చేతిలో పెట్టండి. సగమిచ్చి పంపితే ఆయన వెళ్తూ వెళ్తూ వాకిట్లో నిలబడి తీగ ఒక్కసారి మీటుతాడు. ఆ తర్వాత మీకు నిద్ర పట్టకపోతే ఈ కాలమ్‌కు ఉత్తరాలు రాయొద్దు.