సంచి కొంటే గిటారు ఉచితం

తక్కువ డబ్బుతో మంచి గిటారు కొనడానికి సిద్దిపేటలో తిరుగులేని పద్ధతి ఒకటుంది. దాన్ని వాయించి చూడకూడదు. వాయిస్తే లోపాలు బయటపడతాయి, లోపాలు బయటపడితే బేరం చెడుతుంది, బేరం చెడితే పుట్టినరోజు పూట పిల్లగాడు అన్నం ముట్టడు. అందుకని తండ్రీకొడుకులు గోడకు వేలాడే వాటిలో ఎర్రది బాగుందా, నీలంది బాగుందా అని అరగంట తర్జనభర్జన పడి, సంగీత పరీక్ష ముగిసిందనుకుంటారు. అసలు కచేరీ అప్పుడు మొదలవుతుంది.

"ఎంతకిస్తవ్ మల్ల?"

"మూడు వేలు సార్. మీరు కాబట్టి."

"బ్యాగు?"

"బ్యాగు, బెల్టు, పిక్కులు, ఇంకో సెట్టు తీగలు, అన్నీ గండ్లనే."

తండ్రి బ్యాగు తీసుకుని జిప్పును నాలుగుసార్లు అటూ ఇటూ లాగుతాడు. కుట్లు చూస్తాడు. బెల్టు సాగదీస్తాడు. ఇన్ని తనిఖీలు చేసిన చెయ్యి తీగల మీదికి మాత్రం పోదు. నిజానికి ఆ మూడు వేలూ సంచికే ఇచ్చాడు. లోపలున్నది కొసరు.

ఆన్‌లైన్లో కొనేవాళ్లు ఇంకా నిష్ఠాపరులు. డబ్బా విప్పిన పది నిమిషాలకే ఐదు నక్షత్రాలు పడతాయి: డెలివరీ ఫాస్ట్, కలర్ సూపర్. శ్రుతి చేయకముందే ఇంత కచ్చితంగా తీర్పు చెప్పగల విద్వాంసులు తాన్‌సేన్ కాలంలో కూడా ఉండి ఉండరు.

పోనీ చెవుల్లేని ఊరా అంటే, కాదు. పెండ్లి ఊరేగింపులో డప్పు సరిగ్గా కాగకపోతే అరుగు మీది ముసలాయన ముఖం చిట్లించి, "ఇంకింత కాపుండ్రిరా, మోత వస్తలేదు" అంటాడు. ఈ జిల్లాలోనే కొమురవెల్లి ఉంది. అక్కడ మల్లన్న పట్నాల ముందు ఒగ్గు డోలు ఒక్క దెబ్బ దారి తప్పితే జనానికి తెలిసిపోతుంది. తీగ వాయిద్యమూ మనకు కొత్త కాదు. నాగర్‌కర్నూల్ వైపు దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయించుకుంటూ బతికాడు. 2021లో భీమ్లా నాయక్ సినిమాకు పాడితే లోకానికి ఆయన ఉన్నాడని గుర్తొచ్చింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. కిన్నెరకు ఉన్నవి మెట్లే, గిటారుకు ఉన్నవీ మెట్లే. కానీ వాటినే ఇంగ్లీషులో ఫ్రెట్లు అనేసరికి మన చెవులు సెలవు పెట్టి, పనంతా కళ్లకు అప్పగిస్తాయి.

ఇక గిటారుకు ఒక పక్కన కోసేసిన భుజం ముచ్చట. కటవే అంటారు. చెయ్యి పై ఫ్రెట్లకు అందడానికి డబ్బాలో ఒక మూల తీసేస్తారు. ఐదో ఫ్రెట్టు ఎప్పుడూ దాటని చేతికి అదెందుకన్న ప్రశ్న ఇంతవరకు ఎవరూ వేయలేదు. అకూస్టిక్ గిటారుకు ధ్వని వచ్చేది ఆ డబ్బాలోంచి. దాంట్లో కొంత తగ్గించి, తగ్గించినందుకు ఎక్కువ ధర తీసుకుంటే సంతోషంగా ఇచ్చి వస్తున్నాం. తప్పు మనది కాదులెండి. మన సినిమా హీరో కొండ మీద నిలబడి, వైరే లేని ఎలక్ట్రిక్ గిటారును ఒక్క గీటు గీస్తే నలభై వయొలిన్లు పలుకుతాయి. సిద్దిపేట కోమటి చెరువు దగ్గర ప్రీ వెడ్డింగ్ షూటింగులకు వచ్చే పెండ్లికొడుకు మెడలో గిటారుకైతే తీగలు కూడా అక్కర్లేదు. డ్రోను చప్పుడులో వినేదెవరు?

తీగలున్న గిటారు కథ వేరు. ఉక్కు తీగలు ఆరూ కలిసి మెడను దాదాపు 70 కిలోల బరువుతో లాగుతుంటాయి. పగలూ రాత్రీ, వాయించినా వాయించకపోయినా. ఆ లాగుడుకు ఎదురు నిలవడానికే మెడ లోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ వేస్తారు. 12వ ఫ్రెట్టు దగ్గర తీగకూ ఫ్రెట్టుకూ నడుమ 2 నుంచి 2.5 మిల్లీమీటర్ల ఎడముంటే వేళ్లు బతుకుతాయి. 4 దాటిందంటే అది వాయిద్యం పేరుతో అమ్మిన శిక్ష. తల వైపు తీగలు ఆనే నట్టు గాడులు కూడా లోతు చాలకపోతే మొదటి ఫ్రెట్టు మీద పట్టే ఎఫ్ కార్డు దగ్గర ఎంతటి పట్టుదలైనా చస్తుంది. అప్పుడు పిల్లవాడు ఎర్రబడ్డ వేళ్లు చూపిస్తాడు. "వేళ్లు మెత్తగున్నయ్, గట్టిపడాలె" అంటారు గిటారు నేర్పే సారు. "వీనికి సంగీతం రాసిపెట్టి లేదు" అంటాడు తండ్రి. రెండు మిల్లీమీటర్ల నేరానికి జాతకం జైలుకు పోతుంది.

ఈ నేరం పట్టుకోవడానికి కావలసిన పరికరాలు స్కూలు పిల్లల స్కేలు, ఫోన్‌లో ఉచితంగా దొరికే ట్యూనరు. తీగను వట్టిగా మీటి శ్రుతి చేసి, 12వ ఫ్రెట్టు దగ్గర నొక్కి మీటితే అదే స్వరం పై స్థాయిలో పలకాలి. పలకకపోతే అది గోడకే అందం. తల వైపు నుంచి మెడను ఒంటి కన్నుతో చూడాలి. తీగల చివర్లు బిగించే బ్రిడ్జి అంచు కింద కాగితం దూరుతుందేమో చూడాలి. ఖర్చు సున్నా. బహుశా అందుకే దీనికి గౌరవం లేదు.

డబ్బు సంగతికొస్తే, 10 వేలకు అటూ ఇటూ పెడితే యమహా ఎఫ్ 310 లాంటిది వస్తుంది. పైన ఉన్నది పొరలు అతికించిన చెక్కే. అయినా నేర్చుకునే చేతికి ద్రోహం చెయ్యదు. అదే కంపెనీ 1966 నుంచి తెస్తున్న ఎఫ్‌జీ వరుసలో ఎఫ్‌జీ 800కు పైపలక ఒకే ముక్క స్ప్రూసు. దాని ధర ఇంచుమించు రెట్టింపు. మూడు వేల రంగు గిటారుకూ పది వేల సాదా గిటారుకూ మధ్య ఏడు వేలు ఎక్కువని వాదించే తండ్రే కూతురి పెండ్లి బరాత్‌లో డీజేకు ఎంతిచ్చాడో అడక్కండి. అది సంగీతం ఖాతాలోకి రాదు, పరువు ఖాతా.

కొన్నాక తెలిసిన చేతితో ఒకసారి సెటప్, అంటే తీగల ఎత్తు సరి చేయించాలి. సిద్దిపేట 2016లో జిల్లా అయింది, 2023 అక్టోబరులో రైలూ వచ్చింది. నట్టు గాడిని ఆకురాయితో ఓపికగా దించే మనిషి కోసం ఆ రైలే ఎక్కి పట్నం పోవాల్సి వస్తే, రైలుకూ ఒక ప్రయోజనం దొరికిందనుకోండి. "కొత్తదానికి రిపేరేంది?" అని ఇంట్లో అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పి గెలిచినవాడు ఇంకా పుట్టలేదు.

ఇంతకన్నా చవకైన దారి ఒకటుంది. ఊళ్లోని మంచి గిటార్లన్నీ బీరువాల మీద ఉన్నాయి. కొన్న పిల్లలు బీటెక్ ముగించి అమెరికా పోయారు. వాళ్ల అమ్మను అడిగి చూడండి. దుమ్ము దులిపి, సంచి విప్పి, తుప్పెక్కిన తీగలతో బయటికి తీస్తుంది. ధర అడిగితే కొన్న ధరే చెబుతుంది. ఇన్నేండ్లయింది కదమ్మా, కొంచెం తగ్గించమంటే నొచ్చుకుంటుంది.

"గదేంది బిడ్డా, మా పోరడు ముట్టనన్న ముట్టలే. గా సంచి సూడు, కొత్తది కొత్తగనే ఉన్నది."